ఎదురుమాట

మొన్న మధ్యాహ్నం శింగనమల అన్న ఫోన్ చేసినాడు. ఆయన ఎప్పుడు చేసినా మొదట వాన సంగతి అడుగుతాడు, తర్వాత పిల్లల సంగతి. అసలు విషయం ఆఖర్న వస్తుంది. ఆ రోజు వాన ఊసే ఎత్తలేదు.

"మ్మా, మన కంబదూరు సార్ పోయినాడంట. నాకూ ఇప్పుడే తెలిసె."

నేను బడి వరండాలో నిలబడి ఉండాను. దూరంగా కొండల మీద గాలిమరలు తిరుగుతాండాయి. ఒకటి మాత్రం ఆగిపోయి ఉండాది. దాని దిక్కే చూస్తా ఎంతసేపు నిలబడినానో తెలీదు.

"నీతో కొట్లాడే మనిషి పోయినాడు మ్మా," అన్నాడు చివరికి, ఫోన్ పెట్టేసే ముందర.

మేము ఒకరినొకరు పేర్లతో పిలుచుకున్నది లేదు. ఊరి పేర్లే మా పేర్లు. ఆయన కంబదూరు సార్, నేను కొత్తచెరువు మేడమ్, ఫోన్ చేసిన ఈ పెద్దాయన శింగనమల అన్న. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లైన కాలంలో, దూరవిద్యలో బీఎడ్ చదవడానికి చేరినవాళ్లం మేము. అందరం అప్పటికే ఏదో ఒక బడిలో చెప్తాండేవాళ్లమే. నేను కొత్తచెరువులో ఒక ప్రైవేటు హైస్కూల్లో, ఆయన కంబదూరు దిక్కు ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాలలో, అన్న తన ఊరికి దగ్గర్లోనే.

ఆ కోర్సు కొత్త తరహాదని చెప్పినారు. నెలకొకసారి అనంతపురంలో ఒక కాలేజీ హాల్లో అందరం కలవాల. మిగతా దినాలంతా కంప్యూటర్లో చర్చ. మాకు పాఠాలు చెప్పే మేడమ్ వారానికొక ప్రశ్న పెడుతుంది. మేము జవాబు రాయాల, ఒకరి జవాబు మీద ఇంకొకరు రాయాల. దాన్ని మేము 'బోర్డు' అనేవాళ్లం. అయితే కోర్సు మొదలైన కొత్తలో ఆ హాలును పరీక్షలకు ఇచ్చేసినారు. కలవాల్సిన శనివారాలు ఒకదాని వెనక ఒకటి వాయిదా పడినాయి. అట్లా మేము ఒకరి ముఖం ఒకరు చూడకముందే మాటలు కలుపుకున్నాము.

ఇప్పుడు తలుచుకుంటే ఆ నెలలన్నీ కలలోవి మాదిరి అనిపిస్తాయి. మా ఊళ్లో నెట్ సెంటరు పుట్టపర్తికి వచ్చే పరదేశీయుల కోసం పెట్టింది. ప్లైవుడ్ గదులు, గోడకు తిరిగే ఫ్యాను, బయట ఎర్ర దుమ్ము. లైను కలిసేటప్పుడు మోడెం పెట్టె కీచుమని, గురగురమని, ఏదో బావిలోంచి పలికినట్టు పలికేది. తర్వాత తెర మీద ఒక్కొక్క వరసే దిగుతా వచ్చేది. రాసిన ముక్క కింద పేరుండేది, ఊరుండేది, మనిషి ఉండడు. మనిషిని మనమే తయారు చేసుకోవాల. నేను ఒక్కొక్కరికీ ఒక ముఖం, ఒక గొంతు ఇచ్చుకునేదాన్ని. శింగనమల అన్నను సన్నగా, కళ్లద్దాలతో ఊహించుకున్నాను. ఆయనేమో బండరాయంత మనిషి, కళ్లద్దాల్లేవు.

కంబదూరు సార్‌కు నేనిచ్చిన రూపం వేరే. ఆయన ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసేవాడు, అందరి మాదిరే. కానీ అన్నీ పెద్దక్షరాలు. మొదటి నుంచి చివరి దాకా ఒక్క చిన్నక్షరం ఉండేది కాదు. తెర మీద ఆయన మాట దిగుతాంటే ఎవరో మిద్దెక్కి అరుస్తాన్నట్టు ఉండేది. అట్లని ఒకసారి బోర్డు మీద రాసినాను కూడా. అందుకే నేను ఆయన్ను ఎత్తుగా, పెద్ద మీసాలతో, ఊరి పంచాయితీలో అందరి నోళ్లూ మూయించే మనిషి మాదిరి ఊహించుకున్నాను.

మాటా అట్లాంటిదే. పిల్లలను దండించడం గురించి మేడమ్ ప్రశ్న పెట్టినప్పుడు ఆయన రాసింది ఇది: "బెత్తం లేనిదే చెప్పలేనివాడు గొర్రెలు మేపుకోవాల. గొర్రెలు కూడా ఒప్పుకోవేమో."

శింగనమల అన్నకు మండిపోయింది. "నేను బెత్తం పట్టినవాణ్ణే. నా చేతి దెబ్బ తిన్నోళ్లు ఇప్పుడు మంచి ఉద్యోగాల్లో ఉండారు. మీరు కొట్టకుండా ఎవరిని ఉద్ధరించినారో చెప్పండి" అని రాసినాడు. దానికి ఈయన ఇంకో నాలుగు వరసల పెద్దక్షరాలు. మధ్యలో నేనూ దూరినాను. నన్నూ వదల్లేదు. "మేడమ్ గారు పుస్తకంలో మాట రాసినారు. మీ బడిలో మాట రాయండి" అన్నాడు. ఒళ్లు మండింది. కానీ తర్వాత బడిలో పాఠం చెప్తా చెప్తా ఆ మాటకు జవాబు వెతుక్కునేదాన్ని. ఆదివారం ఎప్పుడొస్తుందా, నెట్ సెంటరుకు ఎప్పుడు పోదామా అని ఉండేది. అందరిదీ అదే కథ. ఆయనతో కొట్లాడేదానికే మేమంతా చదివినాము, ఆలోచించినాము, రాసినాము. ఆయన లేకుంటే ఆ బోర్డు మీద 'నేనూ ఒప్పుకుంటున్నాను' అనే మాట తప్ప ఇంకొకటి పుట్టేది కాదు.

చివరికి హాలు దొరికింది. కలిసినాము.

పొద్దున పది దాటినాక కూడా చలి వదలని రోజు. పొడుగాటి హాలు, పైన రేకులు, కిటికీల్లోంచి ఎండ చారలు చారలుగా బెంచీల మీద పడి ఉండాది. మేడమ్ ఒక్కొక్కరినీ లేచి పేరు, ఊరు చెప్పమన్నది. ఒక్కొక్కరు లేస్తాంటే 'ఓహో నువ్వేనా', 'నీవేనా మ్మా ఆ రాసింది' అని నవ్వులు. నేను పెద్ద మీసాల కోసం వెతుకుతాండాను.

తలుపు పక్క బెంచీలో కూర్చున్న మనిషి లేచినాడు. నలభై ఏళ్లుంటాయి. సన్నగా, పొట్టిగా ఉండాడు. ఇస్త్రీ లేని తెల్ల చొక్కా, నున్నగా గీసిన గడ్డం. పేరు చెప్పినాడు. ఎవరికీ సరిగ్గా వినపడలేదు. ఊరు చెప్పబోయి ఆగిపోయినాడు.

"క..." అన్నాడు. పెదవులు కదులుతాండాయి. మెడ నరం ఉబ్బింది. "క... క..."

హాలంతా నిశ్శబ్దమైపోయింది. బయట ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు కూడా వినపడింది. అందరం తలలు దించుకున్నాము. మేడమ్ మెత్తగా, "పర్లేదు సార్, కూర్చోండి" అన్నది.

ఆయన కూర్చోలేదు. బెంచీ దాటుకొని ముందుకు వచ్చి, చాక్‌పీసు తీసుకొని, నల్లబల్ల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసినాడు: కంబదూరు.

శింగనమల అన్న నా వెనక బెంచీలో ఉండాడు. ఆయన ఊపిరి తీసుకున్న చప్పుడు నాకు తెలిసింది.

మధ్యాహ్నం అన్న తన క్యారియర్ తెరిచి చిత్రాన్నం సగం ఆయనకే పెట్టినాడు. "తినండి సార్, ఇంటిది" అని. ఒకరు మజ్జిగ తెచ్చినారు. ఒకరు ఆయన కోసం కుర్చీ జరిపినారు. ఆ పూట అందరం ఆయనకు మంచివాళ్లమైపోయినాము. ఆయన తింటా అందరి దిక్కూ చూస్తా ఉండాడు.

ఆయనకొక అలవాటు ఉండాది. చొక్కా జేబులో ఎప్పుడూ వేయించిన చెనిక్కాయలు. మాట్లాడతా మాట్లాడతా మాట అడ్డం పడితే, జేబులోంచి ఒక కాయ తీసి ఎదుటి మనిషి అరచేతిలో పెట్టేవాడు. మనం దాన్ని ఒలిచి నోట్లో వేసుకునే లోపల ఆ మాట బయటికి వచ్చేది. ఆ అవస్థ మనం చూడాల్సిన పని లేకుండా మన చేతులకు పని పెట్టేవాడు. ఆ రోజు సాయంత్రం బస్టాండులో నా చేతిలో కూడా ఒక కాయ పెట్టినాడు. చెప్పాలనుకున్నది "మళ్లీ బోర్డు మీద కలుద్దాం" అని మాత్రమే.

అప్పుడే ఇంకొకటి చూసినాను. కండక్టరు "యాడికన్నా?" అని అడిగితే ఆయన తన ఊరి పేరు చెప్పలేదు. బస్సు ఆఖరు స్టాపు పేరు చెప్పి, అంత దూరానికి టికెట్టు తీసుకున్నాడు. ఊరు దాటి ఎంతో దూరానికి టికెట్టు కొని, నడిమధ్య తన ఊళ్లో దిగిపోయే మనిషి. ఎన్నేళ్లుగా అట్లా చేస్తాండాడో.

ఆ తర్వాత బోర్డు మారిపోయింది.

ఆయన ఏమి రాసినా కింద అందరూ ఒకటే: "సార్ బాగా చెప్పినారు." "సార్ అనుభవంతో చెప్పిన మాట." పెద్దక్షరాలు దిగుతాంటే ఇప్పుడు మిద్దె మీది అరుపు వినపడేది కాదు. ఆ హాలు, ఆ నిశ్శబ్దం, ఆ మెడ నరం గుర్తుకొచ్చేవి. వేళ్లు తమంతట తామే మెత్తబడేవి. మిగతావాళ్లతో మాత్రం మాకు చనువు పెరిగింది. ముఖాలు తెలిసినాయి కాబట్టి ఆటపట్టించుకునేవాళ్లం, చిలిపి మాటలు రాసుకునేవాళ్లం. అన్నతో నా వాదన రెండింతలు అయింది. ఒకరినొకరు చూసుకోవడం మా అందరి నోళ్లూ తెరిపించింది. ఆయనకు ఎదురు చెప్పే నోళ్లను మాత్రం మూసేసింది.

ఒక ఆదివారం ఆయన ఇట్లా రాసినాడు: "బాగా ఆలోచించినాను. శింగనమల సార్ చెప్పిందే నిజం. పిలిచినప్పుడు పిల్లోడు పలకకపోతే కొట్టాల్సిందే. పలికేదాకా కొట్టాల."

వారం తిరిగేసరికి దాని కింద వరసగా జవాబులు. "మంచి మాట సార్." "అవును సార్, క్రమశిక్షణ ముఖ్యం." శింగనమల అన్న కూడా తన గెలుపు గురించి ఒక్క మాట అనకుండా, "మీకు తెలియనిది లేదు సార్" అని రాసినాడు.

వాటి కింద ఆయన చివరగా ఒక వరస రాసినాడు.

"నేను రాసింది చదివినారా, లేక నన్ను చూసినారా?"

అంతే. ఆ తర్వాత ఆయన బోర్డు మీదికి రాలేదు. తర్వాతి శనివారం హాలుకూ రాలేదు. మేడమ్ ఫోన్ నంబరు కోసం వెతికింది. ఆయన కాగితాల్లో ఆ చోటు ఖాళీగా ఉండాది. ఫోన్ ఎందుకు పెట్టుకోలేదో నాకు తర్వాత తెలిసింది. మాట రావడానికి ఆయన ఆగితే, అవతలివాళ్లు హలో హలో అని, లైను తెగిందనుకొని పెట్టేస్తారంట.

మా ఆడబిడ్డది కల్యాణదుర్గం. ఆ చలికాలంలోనే వాళ్లింటికి పోయినప్పుడు అక్కణ్ణుంచి కంబదూరు దిక్కు పోయే బస్సెక్కినాను. ఎందుకు పోతాండానో నాకే సరిగ్గా తెలీదు. ఆ దారంతా మెట్టచేన్లు. ఆ ఏడు చెనిక్కాయ పంట పోయింది. చేన్లలో వాడిపోయిన చెట్లను పశువులకు వదిలేసినారు. మబ్బులు బళ్లారి దిక్కు పోతాండాయి, మన మీద నీడ మాత్రం వేసి. దారిలో ఒక లారీ ఎదురైంది. గిన్నెలు, చాపలు, మూటలు, వాటి మీద మనుషులు. బెంగుళూరికి పోతాండారు, కట్టడం పనులకు.

పల్లె చివర బడి. దూరం నుంచే పాట వినపడింది. దగ్గరికి పోతే అది పాట కాదు, ఎక్కాలు. ఆయన పాడతాండాడు, పిల్లలు అందుకుంటాండారు. ఆ గొంతులో ఒక్క తడబాటు లేదు. ఏటిలో నీళ్లు పారినట్టు పారతాండాది. నేను కిటికీ పక్క నిలబడిపోయినాను.

పాట ఆగింది. ఆయన ఒక పిల్లను ఏదో అడగబోయినాడు, మాట అడ్డం పడింది. నేను అలవాటుగా తల దించుకున్నాను. పిల్లలు దించుకోలేదు. బోరింగు కొట్టి కొట్టి నీళ్ల కోసం చూసినట్టు, అందరూ ఆయన నోటి దిక్కే చూస్తా ఉండారు. వాళ్లకు తొందర లేదు, దిగులూ లేదు. నీళ్లు వస్తాయని తెలుసు. వచ్చినాయి.

నన్ను చూసి ఆశ్చర్యపోయినాడు. వరండాలో అరుగు మీద కూర్చున్నాము. చేతిలో చెనిక్కాయ పెట్టినాడు.

"ఎందుకు రాసేది మానేసినారు సార్?" అన్నాను.

ఆయన ఆగి ఆగి చెప్పినాడు. నేను ఇక్కడ ఆగకుండా రాస్తాండాను.

"నాకు ఏడేళ్లప్పుడు మా బడి అయివారు నా పేరు చెప్పమని కొట్టినాడు. చెప్పలేక కాదు, వస్తాండాది, కానీ ఆయనకు తొందర. పలికేదాకా కొట్టినాడు. నేను బోర్డు మీద రాసింది ఆ మాటే. మీరంతా మంచి మాట సార్ అంటిరి."

నేను చేతిలోని కాయ ఒలిచి, పొట్టు అరుగు కింద వేసినాను.

"ఆ బోర్డు మీద నాలుగు నెలలు నేను అందరి మాదిరి మనిషినమ్మా. నా మాట మధ్యలో ఎవరూ తల దించుకోలేదు. తిట్టినారు, కోప్పడినారు. ఎంత బాగుండెనో! నా పెద్దక్షరాలు చూసి ఎవరో అరుస్తాన్నట్టు ఉండాది అని మీరు రాసినారు గుర్తుందా? ఆ రోజు నెట్ సెంటరు నుంచి నడిచి వస్తా నవ్వుకుంటా వచ్చినా. పుట్టి బుద్ధెరిగినాక నేను ఎప్పుడూ అరిచింది లేదు."

ఆయన కళ్లు నా మీద లేవు. ఎదురుగా మైదానంలో గాలికి సుడి తిరుగుతాన్న ఎర్ర దుమ్ము మీద ఉండాయి.

"మిమ్మల్ని చూడాలని నాకూ ఉండె. చూస్తే ఇట్లా అవుతాదని తెలిసుంటే రాకపోతును."

గంట కొట్టినారు. పిల్లలు బయటికి వచ్చినారు. కొంతమంది ఇళ్లకు పోలేదు, బడి వెనక రేకుల గదిలోకి పోయినారు. అక్కడ ఒకామె వంట చేస్తాండాది. వాళ్లు వలస పోయినవాళ్ల పిల్లలు. అమ్మానాయనలు బెంగుళూరికి పోతే, చదువు ఆగిపోకూడదని వాళ్లను బడిలోనే ఉంచి అన్నం పెడతాండారు. ఊరూరా తిరిగి, తల్లిదండ్రులను ఒప్పించి, ఆయనే ఉంచుకున్నాడు.

వాళ్లలో ఒక పాప స్తంభానికి ఆనుకొని నిలబడి ఉండాది. నాలుగో తరగతి ఉంటుందేమో. వారానికోసారి ఊళ్లో కాయిన్ బాక్స్ ఫోన్ దగ్గర నుంచి అమ్మతో మాట్లాడిస్తారంట. "మొదట్లో బాగా మాట్లాడేది. ఇప్పుడు ఫోన్ చెవికి పెట్టుకొని ఊరికే ఉంటాది," అన్నాడు.

ఆ పాపను చూస్తా ఉంటే నాకు ఆగలేదు. "తప్పు చేస్తాండారు సార్," అన్నాను.

ఆయన గిరుక్కున తిరిగినాడు.

"ఆ వయసు పిల్లలు తల్లి దగ్గర ఉండాల. నన్నూ మా అవ్వ దగ్గర వదిలి మా అమ్మ పనికి పోయింది. నాకు చదువు వచ్చింది. కానీ అమ్మ వచ్చి పిలిస్తే, ఎవరో పిలిచినట్టు ఉండేది. చదువు కోసం తల్లిని పోగొట్టేది న్యాయమేనా?"

"న్యాయమే!" అన్నాడు. ముఖం ఎర్రబడింది. "నన్ను తీసుకొనిపోయినారు బెంగుళూరికి. రాళ్లు మోసినా. మూడేళ్లు పోయినాయి. త-తల్లి దగ్గరే ఉంటిని, ఏమైంది? బడికి తిరిగొచ్చేసరికి..." మాట అడ్డం పడింది. జేబులో చెయ్యి పెట్టినాడు, తీసేసినాడు. కాయ ఇవ్వలేదు. ఉన్నట్టుండి నవ్వినాడు. అంత నిండుగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

"ఈడ వద్దు. బోర్డు మీద రాయి. నువ్వు రాస్తే నేనూ రాస్తా."

అంతదాకా 'మీరు' అన్న మనిషి 'నువ్వు' అన్నాడు.

రాసినాను. ఆదివారం పోయి ఉన్న కోపమంతా రాసినాను. ఆయన పెద్దక్షరాలు మళ్లీ దిగినాయి. అందరూ బిత్తరపోయినారంట. అన్న నాకు వేరుగా కబురు రాసినాడు, "పాపం ఆయనతో అట్లా మాట్లాడతావా మ్మా?" అని. నేను అన్నకు కూడా బోర్డు మీదే జవాబిచ్చినాను: "పాపం అన్నది మీరు, నేను కాదు." రెండు వారాలు గడిచేసరికి అన్నకు కూడా పాత ఊపు వచ్చింది. ధర్మవరంలో మగ్గాల ఇళ్ల నుంచి వచ్చిన ఒకామె తన సంగతి రాసింది. పట్టు నేసే అమ్మానాయనల పక్కనే ఉండి కూడా, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని కొన్నేళ్లు చదువు పోగొట్టుకున్నదాన్ని అని. పక్కనున్నంత మాత్రాన తల్లి దొరుకుతుందా అని అడిగింది.

తర్వాతి శనివారం ఆయన హాలుకు వచ్చినాడు. మేడమ్ ఆ చర్చనే మాట్లాడమన్నది. అసలు సమస్య అప్పుడు. తెర మీద ఎంత కొట్లాడినా ఒకటి, ఎదురెదురుగా నిలబడి మాట్లాడేది ఒకటి.

ఆయన లేచినాడు. మొదలుపెట్టినాడు. బడి తప్పిన పిల్ల మళ్లీ బడికి రాదు, వచ్చినా తనకంటే చిన్నపిల్లల పక్కన కూర్చోవాల, ఆ సిగ్గు మీకు తెలీదు అన్నాడు. మాట మాటకూ ఆగుతాండాడు. మెల్లగా తలలన్నీ దిగిపోతాండాయి. హాలు మళ్లీ ఆ పాత నిశ్శబ్దంలోకి జారుతాండాది. "త-తల్లి ప్రేమ య-యాడికీ పోదు, అది..." అని ఆగినాడు. పెదవులు కదులుతాండాయి.

నాకు ఆ పాప కళ్ల ముందు కనపడింది, స్తంభానికి ఆనుకొని.

"పోతుంది సార్!" అన్నాను. లేచి నిలబడే అన్నాను. "యాడికీ పోదని ఎట్లా అంటారు? పోతుంది. నాది పోయింది."

హాలంతా ఉలిక్కిపడింది. నత్తి మనిషి మాట మధ్యలో అడ్డం పడితినని. మేడమ్ నా దిక్కు కోపంగా చూసింది. వెనక అన్న "మ్మా, మ్మా" అంటాండాడు.

ఆయన నన్నే చూస్తాండాడు. "న-నన్ను చెప్పనీ!" అని బెంచీ మీద చెయ్యి చరిచినాడు.

"చెప్పండి. కానీ తప్పు చెప్తే ఊరుకోను."

"న-నువ్వేమి ఊరుకునేది!"

ఎవరో పకపకా నవ్వినారు. అన్నే అనుకుంటాను. తర్వాత అందరూ నవ్వినారు, ఆయనా నవ్వినాడు. దిగిన తలలు లేచినాయి. ఆ మధ్యాహ్నం వాదన బస్టాండు దాకా నడిచింది. దారి పొడుగునా ఆయన మాటకు నేను, నా మాటకు ఆయన, మధ్యలో అన్న. ఆయన ఆగినప్పుడు కొన్నిసార్లు ఆగినాము, కొన్నిసార్లు ఆగలేదు. అందరితో ఎట్లా మాట్లాడతామో అట్లాగే. ఎండ వాలిపోయి, ఊరంతా పసుపు రంగు నీళ్లలో మునిగినట్టుండిన ఆ సాయంత్రం ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది. కలలో ఆ దారి అయిపోదు.

ఆయన ఓడిపోయినాననలేదు. నేనూ అనలేదు. కానీ ఎండలు ముదిరేటప్పుడు, కొన్నాళ్లు కనపడకుండా పోయి, బోర్డు మీద పొడుగ్గా ఒక సంగతి రాసినాడు. నేను నెట్ సెంటరులో ఒక్కొక్క వరస దిగేదాకా కాచుకొని చదివినాను.

పిల్లలందరినీ బస్సులో బెంగుళూరికి తీసుకొనిపోయినాడంట, తల్లులను చూపించేదానికి. కడతాన్న పెద్ద మేడ, దాని పక్క గుడిసెలు. తల్లులు పని మీద నుంచి దిగి వచ్చినారు. ఆ పాప తల్లి సిమెంటు చేతులు వెనక దాచుకొని నిలబడిందంట. పాప దగ్గరికి పోలేదు. చూస్తా నిలబడింది. తల్లీ చూస్తా నిలబడింది. అట్లా ఎంతసేపో. "ఇద్దరిదీ నా నత్తి మాదిరే ఉండె. మాట లోపల ఉండాది, బయటికి రాలేదు. నేను తల దించుకోలేదు, చూస్తానే ఉన్నా," అని రాసినాడు. తర్వాత తల్లి ఆ చేతులతోనే పట్టుకున్నదంట.

"తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరిని వదిలి వచ్చినాను. ఆ పాపను, ఇంకొక పిల్లోణ్ణి. నీ మాట విని కాదు. ఆ చెయ్యి విడిపించలేకపోయినా. మిగతా పిల్లలు నాతోనే వచ్చినారు. వాళ్లు ఇప్పుడు ఫోన్లో అమ్మలతో పోట్లాడతాండారు. ఎప్పుడొస్తావు, ఏమి తెస్తావు అని అరుస్తాండారు. ఒకసారి ముఖం చూసి వచ్చినారు కదా, ఫోన్లో ఆ ముఖం కనపడతాండాదేమో. నన్ను చూస్తే మీ మాట పోయింది. అమ్మను చూస్తే వీళ్లకు మాట వచ్చింది. ఇది ఎట్లాదో నాకు తెలీదు. మేడమ్ చెప్పాల."

మేడమ్ ఏమి రాసిందో గుర్తు లేదు. నేను మాత్రం 'మంచి పని చేసినారు సార్' అని రాసి, కొట్టేసినాను. ఆ పాప తల్లి దగ్గర ఉండాదని నాకు సంతోషంగానే ఉండాది. కానీ ఆయన ఎప్పుడూ అడిగే ప్రశ్నే నన్నూ పట్టుకుంది. "ఆ ఇద్దరి చదువు సంగతేమి సార్? ఆడ బడి ఉండాదా?" అని రాసినాను.

తర్వాతి ఆదివారానికి జవాబు వచ్చి ఉండాది.

"కనుక్కొనొచ్చినా. దగ్గర్లో ఉండేది కన్నడ బడి. అదీ పెద్ద రోడ్డు దాటి పోవాల. సిమెంటు సంచులు పెట్టే రేకుల షెడ్డు ఒకటుండాది, ఆదివారాలు వాడుకోండని మేస్త్రీ అన్నాడు. బిడ్డ తల్లి దగ్గర ఉండాలన్నది నువ్వు. బిడ్డకు చదువుండాలన్నది నేను. వస్తావా?"

మరుసటి ఆదివారం పొద్దున్నే కొత్తచెరువులో బెంగుళూరు బస్సెక్కినాను. అడుగుతా అడుగుతా ఆ చోటు చేరేసరికి ఎండ ఎక్కింది. షెడ్డులో సిమెంటు దుమ్ము వెలుతురులో తేలుతాండాది. ఆ ఇద్దరే కాదు, షెడ్డు నిండా పిల్లలు. మనవాళ్లు, పాలమూరు దిక్కు వాళ్లు, రాయచూరు వాళ్లు, ఇంకా ఏ ఊరి వాళ్లో. ఆ పాప ముందు వరసలో తన తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకొని కూర్చోని ఉండాది. గోడకు ఒక చెక్క ఆనించి దానికి నల్లరంగు పూసినాడు సార్. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు.

నన్ను చూసి ఎదురొచ్చినాడు. చాక్‌పీసు నా చేతిలో పెట్టి, పోయి పిల్లల మధ్య నేల మీద మఠం వేసుకొని కూర్చున్నాడు.

"మొదలుపెట్టు," అన్నాడు. "త-తప్పు చెప్తే లేస్తా."

నేను చెక్క దిక్కు తిరిగి మొదటి మాట రాసినానో లేదో, వెనక ఆయన లేచిన చప్పుడైంది.